భీమవరం రొయ్యలతో లూసియానాకి

అమెరికాలో ఉండే తెలుగువాళ్ళని ఏమేం చూశారని అడిగితే నయాగరా, న్యూయార్క్, లాస్ వేగాస్ అని వరసగా చెబుతారు. లూసియానా దక్షిణపు కొసన, రోడ్డు అయిపోయి నీళ్ళు మొదలయ్యే చోట ఒక రొయ్యల ఊరుందని, అక్కడి పెట్రోల్ బంకు వంటగదిలోంచి మన కరివేపాకు వాసన వస్తుందని ఎవరూ చెప్పరు. 2014 ఆగస్టు చివర్లో నేను వెళ్ళొచ్చాను. వెళ్ళనివాళ్ళకి అక్కడి సంగతులు చెబుదామని కూర్చున్నాను.

ప్లెయిన్స్‌బరో

న్యూజెర్సీలో ఒక మందుల కంపెనీలో లేబుళ్ళు సరిచూడటం నా ఉద్యోగం. డబ్బా మీద అచ్చయిన ప్రతి అక్షరం, మొదటి వరస నుంచి చివరి చుక్క దాకా చదవాలి. ఈ అలవాటు ఆఫీసులో ఆగదు. కూరగాయల షాపుకి వెళ్ళినా ముందు చేతులు అట్టల మీదకే పోతాయి. వెల్లుల్లి చైనాది. మామిడిపండు మెక్సికోది. చింతపండు థాయ్‌లాండ్‌ది. ద్రాక్ష చలికాలంలో అయితే చిలీది. ఈ దేశంలో పచ్చి కూరలు, పళ్ళు, చేపలు ఏ దేశంనుంచి వచ్చాయో పెద్ద షాపులు రాసి పెట్టాలి. వండి అమ్మేవాటికి, హోటళ్ళకి మాత్రం ఆ నిబంధన లేదు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, తరవాత పనికొస్తుంది.

ఆ ఆగస్టులో ఇండియన్ స్టోర్ ఫ్రీజర్‌లో ఒక రొయ్యల పాకెట్ తిప్పి చూస్తే, ‘ప్రొడక్ట్ ఆఫ్ ఇండియా’ కింద చిన్న అక్షరాల్లో భీమవరం అని ఉంది. మాది ఆ పక్క ఊరే. ఫ్రీజర్ తలుపు తెరిచి పట్టుకుని అలాగే నిలబడిపోయాను. వెనకనుంచి ఒకాయన “బాబూ, చల్లదనం పోతోంది” అన్నాక మూశాను.

మా అపార్ట్‌మెంట్లలో వాటిని కొనేవాళ్ళు తక్కువ. “చెరువు రొయ్యలు, మందులు కొడతారంట” అని తెలుగువాళ్ళే వెనక్కి పెట్టేస్తారు. ఆ అనుమానం ఉత్తదేం కాదు. మందుల అవశేషాలు దొరికి కొన్ని సరుకులు రేవులోంచే తిరిగి వెళ్ళిపోతాయని నాకూ తెలుసు. అయినా సొంత ఊరి పేరు చూశాక ఎలా వదిలేస్తాం?

అదే వారం రత్నం పిన్ని ఫోన్ చేసింది. పిన్ని మా అమ్మకి పినతల్లి కూతురు. బాబాయికి హ్యూస్టన్‌లో ఉద్యోగం పోయాక ఇద్దరూ ఆ రేవు ఊళ్ళో పెట్రోల్ బంకు తీసుకున్నారు. బంకుని ఆనుకున్న చిన్న వంటగదిలో పిన్ని మధ్యాహ్నం భోజనాలు పెడుతుంది.

“మా ఊరి రొయ్యల వంట పోటీకి పేరిచ్చాన్రా. ఇన్నేళ్ళలో ఇదే మొదటిసారి. నువ్వు రావాలి” అంది.

వారం సెలవు పెట్టాను. బహుమతిగా ఏం తీసుకెళ్ళాలా అని పెద్దగా ఆలోచించలేదు. ఆరు పాకెట్ల భీమవరం రొయ్యలు, ఒక థర్మోకోల్ పెట్టె, దాని నిండా ఐసు. నాతో వచ్చినవాడు ప్రసాద్. వరంగల్ కుర్రాడు, పిస్కాటవేలో ఎమ్మెస్ చదువుతున్నాడు. కారులో పెట్టె చూసి నుదురు కొట్టుకున్నాడు.

“ఎవడన్న రొయ్యల ఊరికి రొయ్యలు తీస్కపోతడారా?”

“అవి వాళ్ళ రొయ్యలు. ఇవి మనవి.”

“మంచిగ చెప్పినవ్. ఎక్కు.”

వర్జీనియా, టెనెసీ

మొదటిరోజంతా రెండువైపులా నీలం కొండలు, మధ్యలో మేం. చూడాల్సినవి చాలా ఉన్నాయిగానీ మా చూపంతా ఐసు అమ్మే చోట్ల మీదే. రెండు డాలర్ల సంచీ రెండు మూడు గంటలు కాస్తుంది. కరిగిన నీళ్ళు పారబోసి కొత్త ఐసు నింపడం నా పని. ‘పేషెంట్ ఎట్లున్నడు’ అని అడగడం ప్రసాద్ పని.

వర్జీనియాలో ఒక ముసలావిడ రోడ్డు పక్కన ఆపిల్స్ అమ్ముతోంది. బల్ల మీద ‘మా తోటవి, మా చేత్తో కోసినవి’ అని రాసిన చెక్క. నేను పెట్టెలో నీళ్ళు పారబోస్తుంటే ఏమిటని అడిగింది. ఇండియా రొయ్యలనీ, లూసియానా వెళ్తున్నాయనీ చెప్పాను. ఆవిడ, “నేను ఈ జిల్లా దాటి నాలుగుసార్లు వెళ్ళానేమో. నీ రొయ్యలు నాకన్నా ఎక్కువ లోకం చూశాయి” అంది. మేం కొన్న సంచీలో ఇంకో రెండు కాయలు వేసి, “ఇవి వాటికి” అంది.

రాత్రి బస టెనెసీలో. మోటెల్ గదిలో ఫ్రిజ్ మన ఇంట్లో మందుల అరమరంత ఉంది. పెట్టె పట్టదు. మోటెల్ నడిపేది గుజరాతీ పెద్దాయన. ప్రసాద్ తన హిందీ అంతా బయటికి తీసి, ఇంట్లోవాళ్ళ ఫ్రీజర్‌లో ఒక్క రాత్రి పెట్టుకోనిమ్మని బతిమాలాడు. పెద్దాయన సంతోషంగా పెట్టె మూత తీశారు. లోపల చూసి రెండడుగులు వెనక్కి వేశారు.

“బేటా, మా ఇంట్లో ఉల్లిపాయ కూడా రాదు!”

చేతులు కడుక్కుని వచ్చి, ఐసు మెషిన్ గది తాళంచెవి మా చేతిలో పెట్టారు. “ఎంత కావాలంటే అంత తీసుకోండి. నాకు మాత్రం చూపించకండి.” పొద్దున వెళ్ళేటప్పుడు అల్లం టీ ఇచ్చారు, డబ్బులు తీసుకోలేదు.

అలబామా

ఇక్కడ రోడ్ల పక్కన ఉడకబెట్టిన వేరుశనక్కాయలు అమ్ముతారంటే నేను నమ్మలేదు. నిజమే. పెద్ద ఇనప కుండలో ఉడుకుతున్నాయి, గరిటెతో తీసి థర్మోకోల్ కప్పులో పోస్తారు. కప్పు నాలుగు డాలర్లు. మన దగ్గర కాయ గట్టిగా ఉండగానే దింపేస్తాం. వీళ్ళు పొద్దుట్నుంచి ఉడికించి గింజ మెత్తటి చిక్కుడు గింజలా అయ్యేదాకా వదలరు. పొట్టులోంచి ఉప్పు నీళ్ళు మోచేతి దాకా కారాయి. ప్రసాద్ రెండో కప్పు కొన్నాడు.

మధ్యాహ్నం ఆగిన హోటల్లో క్యాట్‌ఫిష్ భోజనం. మెనూలోనే ‘అమెరికా చెరువుల్లో పెంచినది’ అని ఉంది. అది చూసి నాకు ప్రాణం లేచి వచ్చింది. వడ్డించే ఆవిడని అడిగితే, ఈ రాష్ట్రంలో క్యాట్‌ఫిష్ ఏ దేశానిదో హోటళ్ళు కూడా చెప్పి తీరాలంది.

“మరి ఇది ఏ చెరువుది?”

కిటికీలోంచి వేలు చూపించింది. రోడ్డుకి అవతల వరసగా చెరువులు. గట్ల మీద ట్రాక్టర్ దారి. నీళ్ళలో గాలి కోసం తిరుగుతున్న చక్రాలు, వాటి చుట్టూ తెల్లటి నురగ. భీమవరం రోడ్డు మీద ఎటు చూసినా అదే బొమ్మ. చేప తింటూ కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

ఎక్కడికి వెళ్తున్నామో విని ఆవిడ గొంతు తగ్గించింది. “ఆ కిందున్న ఊళ్ళలో బయటిదేశం రొయ్యల మాట ఎత్తకండి. దానివల్ల పడవలు అమ్ముకున్నవాళ్ళున్నారు అక్కడ.”

ప్రసాద్ కార్‌లో ఉన్న పెట్టెవైపు, తరవాత నావైపు చూశాడు.

రేవు ఊరు

మూడోరోజు మధ్యాహ్నానికి రోడ్డుకి రెండుపక్కలా నీళ్ళే మిగిలాయి. కారు దిగగానే ఉక్క, చమట, ఎండుతున్న వలల వాసన. నర్సాపురం రేవులో దిగినట్టే ఉంది. ఇక్కడివాళ్ళు గల్ఫ్ అంటే దుబాయ్ వైపు గల్ఫ్ కాదు, ఎదురుగా ఉన్న మెక్సికో సింధుశాఖ. అందులో పట్టిన రొయ్యే వాళ్ళ లెక్కలో రొయ్య.

పిన్ని వంటగది కిటికీకి పెద్ద బోర్డు: ‘ఇక్కడ గల్ఫ్ రొయ్య మాత్రమే’.

భోజనం పెట్టాక పెట్టె తెరిచి చూపించాను. పిన్ని నోరు తెరిచింది.

“ఒరేయ్, నీకసలు బుర్రుందా? రేవులో రొయ్యలు తుళ్ళిపడుతుంటే మంచులో పెట్టి రొయ్యలు మోసుకొస్తావా?”

“నేను జెర్సీలనే చెప్పిన పిన్నీ” అన్నాడు ప్రసాద్, పరిచయమై గంట కాకుండానే వరస కలిపేసి.

కానీ పిన్ని పాకెట్ తీసి, కళ్ళజోడు పైకి జరిపి భీమవరం అన్న చోట బొటనవేలితో రుద్దింది. “మా చిన్నప్పుడు సంతకి అక్కడికే వెళ్ళేవాళ్ళం” అంది. ఇంట్లో ఫ్రీజర్ నిండిపోయింది. వంటగది ఫ్రీజర్‌లో ఐసు సంచుల పక్కన పెట్టించింది. “రేపు పోటీ అయ్యాక ఇంటికి పట్టుకెళ్ళి వండుకుందాం. ఈ వంటగదిలో మాత్రం దీన్ని పొయ్యెక్కించను.”

ఆ మాట ఎందుకన్నదో బాబాయి సాయంత్రం చెప్పాడు. పక్క ఊరి హోటల్ ఒకటి, గల్ఫ్ రొయ్య అని రాసి, పైపైన కాస్త ఇక్కడిది, లోపలంతా బయటిది కలిపి అమ్మింది. సంగతి తెలిశాక పడవలవాళ్ళు ఒక్కరూ గడప తొక్కలేదు. కొన్ని నెలలకి మూసేశారు. “మన డీజిల్ కొనేది పడవలవాళ్ళే, మీ పిన్ని భోజనాలు తినేదీ వాళ్ళే. ఆ బోర్డు అబద్ధమని ఎవరికైనా అనిపించిందా, పెట్టే బేడా సర్దుకోవడమే” అన్నాడు.

పిన్ని అప్పటికే పోటీ రొయ్యలు ఒలిచేసింది. ఎర్ల్ అనే ముసలి పడవ కెప్టెన్ దగ్గర ఆరోజు తెల్లారే కొన్నవి. తలలు తీసి, పొట్టు తీసి, నరం లాగి, ఉప్పు, పసుపు పట్టించి పెద్ద బేసిన్‌లో పెట్టింది. పసుపు రంగు ముద్దలు. చూస్తే ఏ సముద్రంవో ఏ చెరువువో ఎవరూ చెప్పలేరు.

ఐసు అడిగిన ఆవిడ

పోటీ రోజు పొద్దున జోలీన్ వచ్చింది. పోటీ కమిటీ పెద్ద ఆవిడే. ఎత్తుగా, ఎర్రటి టోపీతో, అందర్నీ ‘హనీ’ అని పిలుస్తూ వంటవాళ్ళందరి దగ్గరకీ వెళ్ళి వస్తోంది. పిన్నిని కావలించుకుని, నిమ్మరసం డబ్బాలోకి కాస్త ఐసు ఉంటే ఇమ్మంది. మర్యాద చెయ్యాలని నేనే పరిగెత్తాను. ఫ్రీజర్ తలుపు బారగా తీశాను.

‘ప్రొడక్ట్ ఆఫ్ ఇండియా’. ఆరు పాకెట్లు, అక్షరాలు ఇటువైపుకే పెట్టి నేనే సర్దినవి.

జోలీన్ నవ్వు ఆగిపోయింది. “రత్నా, ఇవేంటి?”

“మా అబ్బాయి తెచ్చాడు. మా ఊరివి. ఇంట్లో తినడానికి.”

“పాకెట్లన్నీ సీలు మీదే ఉన్నాయండీ, ఒక్కటీ తెరవలేదు” అన్నాను నేను. లేబుళ్ళవాడి తెలివి.

“హనీ, ఇవి తెరవనివి. తెరిచినవి ఎన్నున్నాయో నాకెలా తెలుస్తుంది?” ఆవిడ బేసిన్‌వైపు చూసింది. కోపంగా కాదు, బాధగా. “ఈ పోటీలో గల్ఫ్ రొయ్య తప్ప ఇంకోటి వండకూడదు. రూల్ రూలే. నేను చూశాక చూడలేదని చెప్పలేను. పోటీ ఒక్కటే కాదు, నీ బోర్డు సంగతి కూడా అడుగుతారు.”

బాబాయి ఎర్ల్‌ని పిలుచుకొచ్చాడు. తెల్ల రబ్బరు బూట్లతో, నడుం పట్టుకుని వచ్చాడు ముసలాయన. “నేను అమ్మాను, నిజం” అన్నాడు. “కానీ జోలీన్, ఆ పక్క ఊరి హోటల్‌కీ నేను అమ్మాను. నా దగ్గర కొన్నది కుండలో పడిందో లేదో నేనెలా చెప్పను?”

ప్రసాద్ నా చెవిలో, “పేషెంట్ కాదురా, మనమే పోయినం” అన్నాడు. వాడికి కూడా నవ్వు రాలేదు.

పిన్ని మాత్రం పాకెట్‌నే చూస్తోంది. ఉన్నట్టుండి తలెత్తింది. “ఒరేయ్, ఆ పాకెట్‌లో రొయ్యకి తలకాయ ఉంటుందా?”

నేను పాకెట్ అందుకున్నాను. దేశం పేరు, ఊరి పేరు చూసి ఆగిపోయిన లేబుల్ అది. నేనే ఆగిపోయాను, రోజంతా అక్షరాలు చదివేవాణ్ణి. కింది వరసలు చదివాను. బరువు. సైజు. మూడో వరసలో: ‘హెడ్‌లెస్, షెల్ ఆన్’. తల తీసేసినవి, పొట్టుతో ఉన్నవి. గట్టిగా చదివాను. జోలీన్ తీసుకుని మళ్ళీ చదివింది.

“అయితే నా వెనకే రండి” అంది పిన్ని, మూలనున్న గునపం తీసుకుంటూ.

బంకు వెనక

బంకు వెనక పెరట్లో మనిషికన్నా ఎత్తు కరివేపాకు చెట్టు. పక్కనే పందిరి మీద ఆనపపాదు, కాయలు వేలాడుతూ. అమెరికాలో కుండీలో ముక్కుతూ మూలుగుతూ ఉండే కరివేపాకునే చూశాను ఇన్నాళ్ళూ. ఇంత కళగా ఉన్న చెట్టుని అక్కడే చూశాను.

మన వైపు చేపలు కడిగిన నీళ్ళు, రొయ్యల తలలు పాదు మొదట్లోనే పోస్తారు కదా. పిన్ని అదే చేస్తోంది. ఊళ్ళోవాళ్ళు తలలు మరిగించి చారు తీసి చెత్తలో పడేస్తారు. పిన్ని ఏనాడూ చెత్తలో వెయ్యలేదు. రాత్రిళ్ళు చెత్త వెతుక్కునే రాకూన్లు తవ్వుకుపోకుండా లోతుగా గొయ్యి తీసి పాతి, పైన రాయి పెడుతుంది.

రాయి దొర్లించింది. మూడు పోట్లు పొడిచిందో లేదో వాసన మాముందుకొచ్చింది. జోలీన్ టోపీ ముక్కుకి అడ్డం పెట్టుకుంది. నిన్నటి తలలు, బకెట్ నిండా ఉంటాయి, ఇంకా మెరుస్తూ. పొడుగాటి మీసాలు ఒకదానికొకటి చిక్కుపడి ఉన్నాయి.

ఎర్ల్ వంగి ఒక తల తీసి మీసం సాగదీశాడు. సాగుతూనే ఉంది. “తెల్ల రొయ్య. ఇంత పొడుగు మీసం దానికే. ఈ నీళ్ళదే. నా వలదే అంటాను నేను.”

“ఇంకా తవ్వనా?” అంది పిన్ని. జవాబు కోసం ఆగలేదు. కింద ఎండిన పొర, దాని కింద నల్లబడిన మట్టిలో గుల్లగుల్లగా పాత తలల ముక్కలు, ఇంకా కింద పొడి. “ఈ చెట్టు నాటిన రోజునుంచి నేను వండిన ప్రతి కూర తలకాయలూ ఇక్కడే ఉన్నాయి. బయటి రొయ్య అమ్మి ఉంటే ఇవన్నీ ఎక్కణ్ణుంచి తెచ్చుకున్నాను, జోలీన్? తలకాయలు మాత్రమే అమ్మే షాపుందా?”

జోలీన్ ఆ గుంటలోకి చాలాసేపు చూసింది. తరవాత చెట్టు కొసదాకా చూసింది. “హనీ, నాకిప్పుడు ఏడుపొస్తోందో వాంతొస్తోందో తెలియట్లేదు. ఆ గొయ్యి మూసెయ్. వెళ్ళి పొయ్యి వెలిగించు.”

ప్రసాద్ వేసిన ఈలకి రేవులో కొంగలు లేచాయి.

పోటీ

ప్రతి కుండ ముందూ ఒక అట్ట: రొయ్య ఎక్కడిది, ఎవరు పట్టారు, ఎవరు వండారు. నా ఉద్యోగ జీవితంలో ఇంత మంచి లేబుల్ చూడలేదు. పిన్ని ఇనప మూకుడు పెట్టి, ఉల్లిపాయలు ఎర్రగా వేగాక అల్లంవెల్లుల్లి, కారం, ధనియాలపొడి, రొయ్యలు వేసి నీళ్ళు ఇగిరిపోయేదాకా కదిపింది. చివర కరివేపాకు గుప్పెడు. ఆ చిటపటకే పక్క బల్లల దగ్గరున్నవాళ్ళు ఇటు జరిగారు. అక్కడ రొయ్యతో బ్రెడ్డు తింటారేమో అనుకున్నాను. వీళ్ళు మనలాగే అన్నం మనుషులు, ప్రతి కూరకీ పళ్ళెంలో ముందు అన్నమే పడుతుంది. ఒకాయన ఇగురు కలుపుకుని తిని, చేతి వెనకతో కళ్ళు తుడుచుకుని, “ఇందులో కారం ఎవరు పట్టారు?” అని అడిగాడు.

మొదటి బహుమతి పిన్నికే. ఒక పెద్ద ఐసు పెట్టె, ఒక జత తెల్ల రబ్బరు బూట్లు. చుడీదార్ మీద ఆ బూట్లు తొడుక్కుని బల్లల మధ్య నడుస్తుంటే, పడవలవాళ్ళు బల్లలు చరిచారు. బాబాయి ఫొటోలు తీయబోయి వీడియో నొక్కాడు, అందులో ఎక్కువసేపు ఆయన వేలే ఉంది.

తిరిగి వచ్చే ముందు

ఆ సాయంత్రం భీమవరం రొయ్యలు వండుకున్నాం. వంటగదిలో కాదు. రేవు చెక్కల మీద, క్యాంప్ పొయ్యి మీద. పిన్ని ఒక అట్ట ముక్క మీద ‘రొయ్యలు: భీమవరం, ఇండియా’ అని రాసి మూకుడు ముందు నిలబెట్టింది. దాటుతున్న ఎర్ల్ ఆగి అట్ట చదివాడు.

“ఇవి వచ్చాకే నా రొయ్య ధర పడిపోయింది” అన్నాడు. “కానీ మీ చెరువు రైతు మీద నాకు కోపం లేదు. వాడూ నాలాంటివాడే. పేరు దాచి నా పేరు మీద అమ్మేవాడే నా శత్రువు.” ఒక పళ్ళెం తీసుకున్నాడు. నిలబడే తిన్నాడు.

“ఎలా ఉంది కెప్టెన్?” అన్నాను.

“ఈ రేవులో ఆ ప్రశ్న అడక్కూడదు, బాబూ” అంటూ ఖాళీ పళ్ళెం మళ్ళీ పిన్నివైపు చాపాడు.

మర్నాడు పొద్దున బయల్దేరుతుంటే వంటగది కిటికీ దగ్గర ఆగాను. అలవాటు ప్రకారం బోర్డు చివరిదాకా చదివాను. ‘ఇక్కడ గల్ఫ్ రొయ్య మాత్రమే’. దాని కింద పిన్ని చేతిరాతతో, తడి ఆరని రంగులో ఇంకో వరస చేరింది:

‘నమ్మకం లేకపోతే వెనక పెరట్లోకి రండి. గునపం మేమే ఇస్తాం.’